పశుబాధయు బాలుర చిత్రలేఖనమును



పాఠశాలలో చిత్రలేఖనమనగానే మనకు మామిడికాయ, కలశము, తామరపువ్వు స్ఫురించును. ఉపాధ్యాయుడు నల్లబల్లపై గీసినదానిని పిల్లలు చూచి గీయుదురు, మార్కులు పడును, కాగితము అటుకెక్కును. ఇది చేతికి సాధనయే గాని కన్నులకు గాదు, మనస్సునకు అసలే గాదు. మఱియొక పద్ధతి కలదు. విద్యార్థులు సంఘములోని యొక సమస్యను గైకొని, కొన్ని వారములు దానిని పరిశీలించి, తాము తెలిసికొనినదానిని బొమ్మలుగా రూపొందించి, ఊరివారి యెదుట ప్రదర్శింతురు. నేను బాలురకు చిత్రలేఖనము నేర్పువాడను. ఈ పద్ధతిని పశుహింస యను విషయమునకు అన్వయించి, అట్టి పనిని ఎట్లు మొదలిడవలెనో, ఎట్లు పెంపొందింపవలెనో, అందు పెద్దల కర్తవ్యమేమో ఈ ప్రసంగమున విన్నవింతును.

మొదట మాటకు హద్దు గీయవలెను. ఆహారము కొఱకు జంతువులను చంపుట యుక్తమా కాదా యను వాదములోనికి నేను దిగను. 1960లో మన పార్లమెంటు చేసిన జంతుహింసా నివారణ చట్టము అనావశ్యకమైన బాధను నివారించుట అను భావముపై నిలిచియున్నది. పనికై ఎద్దును కాడికి కట్టుట హింస కాదు. మెడపుండు మానకముందే కట్టుట హింస. వీధికుక్కను అదలించుట హింస కాదు. దాని తోకకు డబ్బాలు కట్టి తఱుముట హింస. పాలు పిదుకుట హింస కాదు. పాలిచ్చు గేదెను నీరు పెట్టకుండ ఎండలో రాటకు కట్టివేయుట హింస. ఈ భేదము మాటలతో చెప్పినచో పిల్లలకు అంతగా పట్టుబడదు. బొమ్మ గీయుటకు కూర్చుండినపుడు పట్టుబడును. ఏలయన గీయువాడు పుండెచ్చటనున్నదో చూడవలెను, పలుపెంత పొడవున్నదో చూడవలెను, నీడ యే ప్రక్కకు పడినదో చూడవలెను.

ఈ యాలోచన క్రొత్తది కాదు. లండను నగరమున విలియం హోగార్త్ అను చిత్రకారుడు 1751లో క్రౌర్యము యొక్క నాలుగు దశలను చూపుచు నాలుగు అచ్చుబొమ్మలను వెలువరించెను. మొదటి బొమ్మలో టాం నీరో యను అనాథబాలుడు వీధిలో నొక కుక్కను చిత్రహింస చేయుచుండును. చుట్టును తక్కిన బాలురు కోళ్లను, పిల్లులను, పక్షులను బాధించుచుందురు. ఒక్క పిల్లవాడు మాత్రము తన చేతిలోని తినుబండారము నిచ్చెదను, దానిని విడువుమని బ్రతిమాలుచుండును. రెండవదానిలో టాం పెద్దవాడై బాడుగబండి తోలుచు, క్రిందపడిన గుఱ్ఱమును కఱ్ఱతో బాదుచుండును. మూడవదానిలో తనను నమ్మిన స్త్రీని హత్య చేయును. నాలుగవదానిలో ఉరిదీయబడిన వాని శవమును వైద్యులు కోయుచుందురు. మొదటి బొమ్మలో నొక చిన్న విశేషము కలదు. ఒక బాలుడు బొగ్గుముక్కతో గోడమీద ఉరికంబమున వ్రేలాడు మనుష్యుని గీసి, టాం పేరు వ్రాయుచుండును. రెండువందల డెబ్బదియేండ్లకు పూర్వపు బొమ్మలోనే, హింసను చూచి బొమ్మగా గీసిన విద్యార్థి యొకడున్నాడన్నమాట.

రెండవ బొమ్మను పెద్దలు ప్రత్యేకముగా గమనింపవలెను. గుఱ్ఱమేల కూలినది? బండిలో నలుగురు బలిసిన న్యాయవాదులు కిక్కిరిసి కూర్చుండిరి. బాడుగ డబ్బు పంచుకొని మిగుల్చుకొనవలెనని వారి యాశ. కొట్టుచున్నవాడు టామే, కాని బరువు వేసినవారు న్యాయవాదులు. వారికి చట్టము తెలియును, చదువు తెలియును. గుఱ్ఱపు వీపు మాత్రము తెలియదు. ప్రక్కనే యొక మనుష్యుడు ఆ బండి నంబరును వ్రాసికొనుచుండును. కొట్టువాడు, కొట్టించువారు, చూచి లెక్క వ్రాసికొనువాడు, ఈ మువ్వురును ఒక్క పటములోనే యున్నారు. సాంఘికచిత్రమనగా ఇది. ఒక్క దుష్టుని చూపి వేలెత్తుట సులభము. ఆ దుష్టత్వమునకు బాడుగ యిచ్చువారిని గూడ చూపుట కష్టము.

హోగార్త్ పటములనుండి పాఠశాలకు మూడు సూత్రములు లభించును. ఒకటి, బొమ్మ పేదవానికి అందవలెను. ఆయన ఈ పటములను నాజూకులేని మోటుగీతలతో చెక్కి, ఒక్కొక్కటి ఒక షిల్లింగునకు అమ్మెను. ఇంకను చౌకగా నుండవలెనని కొన్నిటిని చెక్కదిమ్మలపై చెక్కించెను. రెండు, ఒక్క బొమ్మకంటె వరుస బొమ్మలు కారణమును ఫలమును విశదపఱచును. మూడు, చూచి యూరకున్నవారిని గూడ బొమ్మలోనికి దింపవలెను. ఐతే వానినుండి గ్రహింపరానిది గూడ ఒకటి కలదు. కుక్కపై రాయి విసరిన ప్రతి బాలుడును హంతకుడు కాడు. అది నీతికథ, శాస్త్రము కాదు. అల్లరిపిల్లవానిని కాబోవు నేరస్థునిగా చూపు బొమ్మను మన పాఠశాలలలో గీయింపకూడదు.

మన దేశమున ఈ యుద్యమమునకు చిత్రలేఖనముతో నున్న సంబంధము మఱింత దగ్గఱిది. కోల్‌స్వర్దీ గ్రాంటు అను నాంగ్లేయుడు కలకత్తాలో నివసించి, చిత్రములు గీయుచు, కళాశాల విద్యార్థులకు చిత్రలేఖనము బోధించెను. బంగాళదేశపు పల్లెజీవనమును గూర్చి బొమ్మలతో గ్రంథము రచించెను. నగరవీధులలో బండియెద్దుల, గుఱ్ఱముల దురవస్థ ఆయన కంటబడినది. 1861లో కలకత్తాలో జంతుహింసా నివారణ సంఘమును స్థాపించినవాడాయనయే. ఆయన 1880లో మరణించెను. ఇంగ్లండులో 1822లో పశువులను గూర్చిన మొదటి చట్టము, 1824లో మొదటి సంఘము వెలసినవి. మన దేశమంతటికి వర్తించు మొదటి చట్టము 1890లో వచ్చినది. నాట్యకళాకోవిదురాలు, కళాక్షేత్ర సంస్థాపకురాలు రుక్మిణీదేవి అరండేలు 1952లో రాజ్యసభకు నియమింపబడి, పాత చట్టము చాలదని బిల్లు ప్రతిపాదించిరి. ఆ కృషి ఫలముగానే 1960 నాటి చట్టము వచ్చినది. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. చిత్రకారుడొకడు, నర్తకి యొకతె. కళకును కరుణకును పొత్తున్నదనుటకు వేఱు సాక్ష్యమేల?

చట్టమున్నది గదా, ఇక బొమ్మలెందుకని యందురా? 1960లో మొదటి నేరమునకు నిర్ణయించిన జరిమానా ఏబది రూపాయల వఱకే. ఆ కాలమున అది కొంత సొమ్మే. నేడు ఒక్కపూట భోజనపు వెల కాదు. మఱియు పోలీసుజవాను ప్రతి బండివెంట నడువజాలడు. ఆజ్ఞకు లోబడుటకంటె ముందు కన్ను తెఱచుట కావలెను. 1976లో రాజ్యాంగమున చేర్చిన ప్రాథమిక విధులలో, ప్రాణికోటియెడ దయ గలిగియుండుట ప్రతి పౌరుని విధియని చెప్పబడినది. విధిని చట్టము చెప్పును. అలవాటును ఇల్లును, బడియును, ఊరును నేర్పవలెను.

ఇక పద్ధతికి వచ్చెదను. ఒక ఉదాహరణమును ఆసాంతము చెప్పిన సుగమముగా నుండును. ఏటియొడ్డున నున్న యొక గ్రామపాఠశాలలో, పదుమూడు పదునాలుగేండ్ల విద్యార్థులు ఇరువదిమందితో నేనీ పని చేయించితిని. ఏమి గీయుదుమని యడుగగా మొదట వారు చెప్పినవి పెద్దపెద్ద మాటలు: పశుహింస మానుడు, మూగజీవులను ప్రేమింపుడు అని. అట్టి మాటలకు బొమ్మ రాదు. కన్నీరు కార్చు ఆవు తల, దానిక్రింద ఎఱ్ఱయక్షరములు, ఇంతియే వచ్చును. కావున మొదటి సూత్రము: విషయమును చిన్నది చేయవలెను. మీరు ప్రతిదినము బడికి వచ్చు దారిలో, నడకలో, మీ కంటబడు ఒక్క జంతువును ఎన్నుకొనుడంటిని. ఏటినుండి ఇసుక మోయు బండియెద్దులను వారెన్నుకొనిరి.

రెండవ సూత్రము: ఏడు దినములు చూచుట, వ్రాసికొనుట. ప్రతివాని వద్ద నొక చిన్న పుస్తకము. ఏ వేళకు బండి వచ్చినది, ఎన్ని తడవలు తిరిగినది, ఎక్కడ నిలిచినది, నీరెక్కడ త్రాగినది, తోలువాని చేతిలో చెర్నాకోల యున్నదా, ముల్లుకఱ్ఱ యున్నదా. ఇవియన్నియు వ్రాసి, ప్రక్కనే తోచినంత గీయవలెను. మొదటిదినమున పిల్లలు గీసిన యెద్దులన్నియు ఒక్కటే తీరున, పుస్తకములోని ఆబోతులవలె నుండెను. నాలుగవదినమున తేడా వచ్చినది. అలసిన యెద్దు తల దించి మెడ ముందునకు సాచునని, వేడిమి మిక్కుటమైనపుడు నోరు తెఱచి చొంగ కార్చుచు రొప్పునని, దెబ్బకు వెఱచినపుడు కంటి తెలుపు కనబడునని వారు గుర్తించిరి. ఒక బాలిక కేవలము చెవులనే పండ్రెండు విధములుగా గీసినది. వీనిని నేను చెప్పలేదు, ఎద్దే చెప్పినది.

మూడవ సూత్రము: కొలుచుట. చిత్రలేఖనమునకును గణితమునకును ఇచ్చట వియ్యము కుదిరినది. పిల్లలొక ఒంటెద్దు బండిని కొలిచిరి. తొట్టి పొడవు 1.2 మీటరు, వెడల్పు 0.8 మీటరు, ఇసుక నింపిన యెత్తు 0.5 మీటరు. గుణించిన 0.48 ఘనపు మీటరు. పొడియిసుక ఘనపు మీటరు సుమారు 1,600 కిలోలు తూగును. అనగా ఆ బండిలో 768 కిలోలు. ఏటినుండి అప్పుడే తీసిన తడియిసుక 1,900 కిలోల వఱకు తూగవచ్చును. అప్పుడు బరువు 900 కిలోలు దాటును. బరువులాగు పశువులను గూర్చి 1965లో చేసిన నియమములు వారికి చదివి వినిపించితిని. 200 మొదలు 350 కిలోల బరువుగల నడితరపు ఎద్దు ఒంటిగా లాగు రెండు చక్రముల బండిలో, గాలిటైర్లు లేనిచో 700 కిలోలును, గాలిటైర్లున్నచో 1,050 కిలోలును హద్దు. దినమునకు తొమ్మిదిగంటలకు మించియు, విశ్రాంతి లేక వరుసగా ఐదుగంటలకు మించియు పని చేయింపరాదు. వేడిమి 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నము 12 మొదలు 3 గంటల వఱకు కట్టనేరాదు. ముల్లుకఱ్ఱ వాడుట నిషిద్ధము.

ఈ లెక్కతో పిల్లల కోపము తారస్థాయి నందుకొనినది. అప్పుడే యసలు కష్టము వచ్చినది. తరగతిలో నొక బాలుని తండ్రి ఇసుకబండి తోలువాడు. ఒక విద్యార్థి గీసిన బొమ్మలో తలపాగ, మీసము, చారల లుంగి చూచి, అది మీ నాయనయే గదా యని తక్కినవారు నవ్విరి. ఆ బాలుడు మరునాడు బడికి రాలేదు. పెద్దలారా, పశువుపై దయ నేర్పుదుమని బయలుదేరి, పేదవాని బిడ్డను నలుగురిలో సిగ్గుపఱచినచో మనము సాధించినదేమి? నేను వారింటికి పోయితిని. ఆ సాయంకాలము తండ్రి కొట్టములో ఎద్దు మెడకు పసుపు, వేపనూనె కలిపి రాయుచుండెను. కుమారుడు కుడితి తెచ్చి పెట్టుచుండెను. ఆ యెద్దే వారి యాస్తి. తండ్రి చెప్పినదిది: కట్టడము కట్టించువారు బండికింతయని యిత్తురు గాని బరువునకు ఇయ్యరు. తొట్టి అంచువఱకు నిండని బండిని తిప్పి పంపుదురు. ఎండ తగ్గువఱకు నిలిచిన ఆ తడవ మఱియొకనికి పోవును. చెర్నాకోల నా చేతిలో నున్నది గాని, నన్ను తోలు చెర్నాకోల వేఱొకచోట నున్నదయ్యా.

మఱునాడు ఆ బాలుడు తిరిగి వచ్చెను. తరగతిలో ఆతడు చెప్పిన మాటలను నేను చెప్పిన పాఠములకంటె శ్రద్ధగా వినిరి. కాడి యొరసి మెడ కమలుట ఎట్లు మొదలగునో, ఎన్ని దినములు విప్పివేసిన మానునో, విప్పివేసిన దినములలో ఇంట పొయ్యి యెట్లు వెలుగునో ఆతడే వివరించెను. నాటినుండి మా తరగతికి నాలుగవ సూత్రమేర్పడినది: బొమ్మలో నెవ్వరిని గుర్తుపట్టునట్లు గీయరాదు, తప్పు చేయువాడని తోచినవానిని అడుగక యేమియు గీయరాదు. దానితో బొమ్మ ముఖమే మాఱిపోయినది. కొట్టువాని బొమ్మ పోయి, బరువు బొమ్మ వచ్చినది. హోగార్త్ పటములోని న్యాయవాదులను వారప్పుడు బాగుగా అర్థము చేసికొనిరి.

ఐదవ సూత్రము: చిత్తుబొమ్మలు. ఒక్కొక్క విద్యార్థి అఱచేతియంత కాగితములపై పదేసి చిత్తులు గీసెను. వానిని నేలపై పఱచి మూడు ప్రశ్నలు వేసికొంటిమి. దీనిని చూచినవాడు ఏమి తెలిసికొనును? ఎవరిపై కోపించును? ఇంటికి పోయి యేమి చేయును? మొదటి ప్రశ్నకే యుత్తరము లేని బొమ్మ అలంకారము. రెండవదానికి మాత్రమే యుత్తరమున్నచో అది నింద. మూడవదానికి గూడ ఉత్తరమున్నదే పనికివచ్చు బొమ్మ. నెత్తురు బొమ్మలు ఈ పరీక్షలో నిలువలేదు. కారణము సులభము. నెత్తురు చూచినవాడు మొగము త్రిప్పుకొనును. మొగము త్రిప్పుకొనినవాడు ఆలోచింపడు. మఱియు అట్టి బాధను తానెన్నడును చేయలేదని తృప్తిపడును. మెడపుండు పెద్దదిగా చూపినదానికంటె, కాడి విప్పిన తరువాత గూడ కాడి క్రింద నున్నట్లే తల వంచుకొని నిలిచిన యెద్దు బొమ్మ యెక్కువమందిని నిలువబెట్టినది.

తుదకు ఐదు పటముల వరుస సిద్ధమైనది. ఏటిలో తెల్లవాఱుజామున ఖాళీబండి. ఇసుక నింపుచున్న పారలు. నడిమధ్యాహ్నము చెట్టులేని బాట. క్రొత్తయింటి యెదుట డబ్బు లెక్కించు చేయి, తిరస్కరించు వ్రేలు. రాత్రి కొట్టములో వేపనూనె రాయు చేయి. ఎచ్చటను ముఖము లేదు. చేతులును, ఎద్దును, బండియుమాత్రమే. నాలుగవ పటమున బండితొట్టి ప్రక్కపలకపై నొక తెల్లని సున్నపుగీత. అంచునకు పది సెంటిమీటర్లు దిగువగా గీసినది. అంతవఱకే నింపిన పొడియిసుక 614 కిలోలు తూగును, హద్దులోపలనే యుండును. తడియిసుకయైనచో నీరోడనిచ్చి నింపవలెనని క్రింద వ్రాసిరి.

ఈ పటములను గ్రామ చావడి గోడకు తగిలించి, ఒక ఆదివారము ఊరివారిని పిలిచితిమి. ఊరంతయు మాఱినదని నేను చెప్పను. కొందఱు చూచి నవ్వి పోయిరి. కాని నలుగురు పెద్దలచ్చటనే కూర్చుండి, గీతవఱకు నింపిన బండికి నిండుబండి బాడుగయే యిత్తుమని తమ కట్టడముల విషయమున ఒప్పుకొనిరి. బాట నడుమ చెట్టు క్రింద నొక నీటితొట్టి కట్టబడినది. కొన్ని బండ్లపై నిజమైన సున్నపుగీతలు వెలసినవి. బొమ్మలోని గీత బండిమీదికి ఎక్కుటయే ఇట్టి పనికి పరమప్రయోజనము.

బండియెద్దుల విషయమున ఊరివారికి అంతగా అభ్యంతరముండదు. పండుగల విషయము వచ్చినచో నుండును. కోస్తా జిల్లాలలో సంక్రాంతికి కోడిపందెములు జరుగును. చట్టము నిషేధించినను జరుగుచునే యున్నవి. దీనిని పిల్లలు గీయవచ్చునా? గీయవచ్చునని నా యభిప్రాయము. కాని గీయు తీరున మెలకువ కావలెను. పందెపుకోడిని పెంచువాడు దానిని ద్వేషింపడు. నెలల తరబడి బాదముపప్పు, గ్రుడ్లు పెట్టి, ఈత నేర్పి, ఒళ్లుపట్టి, ఇంటిబిడ్డవలె సాకును. తరువాత కాలికి కత్తి కట్టి బరిలోనికి విడుచును. కావున ఒక విద్యార్థిని రెండే గళ్లలో ఆ విషయమును చూపినది. మొదటి గడిలో గింజలు పెట్టుచున్న చేయి. రెండవ గడిలో కత్తి కట్టుచున్న అదే చేయి, అదే యుంగరము. క్రింద నొక్క మాటయు లేదు. దానిని చూచి కోపగించినవారు లేరు. చాలసేపు మాటాడనివారు కొందఱుండిరి. పండుగను నిందింపనక్కఱలేదు. మూడవనాడు కనుమదినమున పశువులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి పూజించుటయు ఆ పండుగలోనిదే. ఏరువాక పున్నమి నాడు ఎద్దుల నలంకరించుటయు మన యాచారమే. ఆచారములో నున్న దయను ఆచారములోని క్రౌర్యమున కెదురుగా నిలుపుటయే తగిన మార్గము.

పట్టణములకు దగ్గఱి గ్రామములలో మఱియొక విషయము కలదు. ఆవు మేతను పెదవులతో ఏఱుకొనదు. నాలుకతో చుట్టి మ్రింగును. అన్నము మూట కట్టి విసరిన ప్లాస్టికు సంచి అన్నముతోబాటు కడుపులోనికి పోవును. అది జీర్ణము కాదు, మలముతో వెడలదు, పెద్దపొట్టలో ప్రోగుపడి మేతకు చోటు లేకుండ చేయును. ఆవును కొట్టినవాడెవ్వడును లేడు. ఐనను అది తిండి కడుపుతోనే శుష్కించును. చేయివేయక చేయు హింస యిది. సంచి కట్టిన ఇల్లాలికి గాని, విసరిన పిల్లవానికి గాని చెడు తలంపు లేదు. తెలియకపోవుటను తెలియజేయుటకు బొమ్మకంటె మంచి సాధనము లేదు.

వ్యయమును గూర్చి జంకవలదు. సున్నము, జేగురు, బొగ్గు, పసుపు, దీపపుమసి, అతుకుటకు తుమ్మబంక, ఇవి చాలును. చెరియాల నకాషీ చిత్రకారులు పొడవైన గుడ్డపై గళ్లు గళ్లుగా కథను గీయగా, కథకులు దానిని విప్పుచు ఊరూర పాడుచుండెడివారు. కాళహస్తి కలంకారీ పనివారు గుడ్డపై పురాణములనే వ్రాసిరి. వరుసబొమ్మలు మనకు లండనునుండి రానక్కఱలేదు. పటమొక్కటి గీసి, ఒక విద్యార్థి కఱ్ఱతో చూపుచు కథ చెప్పినచో, చదువురానివారికి గూడ విషయము తెలియును.

ఇక నభ్యంతరములు. మనుష్యుల కష్టములుండగా పశువులేల యని మొదటిది. ఇసుకబండి కథలో ఎద్దు కష్టమును వెదకబోయిన పిల్లలకు మనుష్యుని కష్టమే కనబడినది గదా. బరువు మోయు ప్రాణి వెనుక బరువు మోయు మనుష్యుడుండును. ఒకదానిని చూడ నేర్చినవాడు రెండవదానిని చూడకపోడు. చదువు చెడునని రెండవది. ఘనపరిమాణము, చట్టము, జంతుశాస్త్రము, సంభాషణ ఈ పనిలోనే నేర్వబడినవి. పిల్లలు పెద్దలను తప్పుపట్ట నేర్తురని మూడవది. తప్పుపట్టుట కాదు, అడుగుట నేర్తురు. మర్యాదతో నడుగు పిల్లవానికి మర్యాదతో నుత్తరమిచ్చు పెద్దలున్న యూరిలో గౌరవము తఱుగదు.

కావున గ్రామపెద్దలను నేను కోరునవి నాలుగు. పిల్లలు పుస్తకము పట్టుకొని కొట్టము వద్దకు వచ్చినచో తఱుమకుడు. మీకు తెలిసిన పశువైద్యము, మేత, కాడికట్టు, లాడము, వీనిని గూర్చి వారికి చెప్పుడు. ఆ విద్య మీతోనే యున్నది. ప్రదర్శనకు చావడి గోడ నొక్కదినమైన నిండు. బొమ్మ చూచిన పిమ్మట బాగున్నదని మాత్రమే యని పోవక, ఊరిలో మార్చుకొనదగినది ఒక్కటి, చిన్నదైనను, అక్కడనే నిర్ణయింపుడు. నీటితొట్టియో, బాటప్రక్క నీడచెట్టో, ముల్లు తీసిన కఱ్ఱయో, గీతవఱకే నింపిన బండియో. తమ బొమ్మ వలన ఒక యెద్దు మెడ తేలికపడినదని కన్నులార చూచిన బాలుడు, ఆ పాఠమును మార్కులతో మఱచిపోడు. అట్లు జరుగకపోయినచో, పెద్దలు బొమ్మలను మెచ్చుకొందురు గాని బరువును దింపరని అతడు నేర్చుకొనును. ఈ రెండు పాఠములలో మన పిల్లలకు ఏది నేర్పవలెనో నిర్ణయించువారు ఉపాధ్యాయులు కారు, మీరు.